ఐఎల్-10 సీసా ఖాళీగా ఎందుకు కనిపిస్తుంది?

హనుమకొండలో ఎమ్మెస్సీ చదువుతున్న తమ్ముడు అడిగాడు: “ల్యాబ్‌కు రీకాంబినెంట్ హ్యూమన్ ఐఎల్-10 వచ్చింది. సీసాలో ఏమీ కనిపించట్లేదు. ఇది మనిషి రక్తం నుంచి తీస్తారా?”

టెన్షన్ పడకు తమ్ముడూ, సీసా ఖాళీ కాదు. ఐఎల్-10 (ఇంటర్‌ల్యూకిన్-10) అంటే మన రోగనిరోధక కణాలు సంకేతంగా వదిలే ఒక ప్రొటీన్. అందులో ఉండేది కొన్ని మైక్రోగ్రాముల పొడి, గాజుకు అంటుకుని కంటికి ఆనదు. మూత తీసేముందు ఒకసారి సెంట్రిఫ్యూజ్‌లో (వేగంగా గిర్రున తిప్పే యంత్రం) తిప్పు, అడుగుకు దిగుతుంది.

రక్తంతో పనిలేదు. రీకాంబినెంట్ అంటే ఇదే: ఐఎల్-10 తయారుచేసే మనిషి జన్యువును ఎక్కువగా ఈ.కోలై బ్యాక్టీరియాలో పెట్టి ప్రొటీన్ చేయిస్తారు. 160 అమైనో ఆమ్లాల గొలుసులు రెండు జతకడితేనే అది పనిచేస్తుంది. మాక్రోఫేజ్‌లు (క్రిములను మింగే రోగనిరోధక కణాలు) టీఎన్ఎఫ్-ఆల్ఫా లాంటి, వాపు పెంచే సంకేతాలు వదలకుండా అదుపు చేస్తుంది.

నేను గట్టిగా చెప్పేది ఎండోటాక్సిన్ గురించి. ఈ.కోలై గోడలోని ఆ పదార్థం కాస్త మిగిలినా మాక్రోఫేజ్‌లను రెచ్చగొడుతుంది. మనం చల్లార్చాలని చూస్తుంటే అది మంట పెడుతుంది! సీసాతో వచ్చే డేటాషీట్‌లో ఎండోటాక్సిన్ ఎంత ఉందో చూడకుండా ప్రయోగం మొదలుపెట్టకు.

పొడిని ద్రవంలో కలిపాక చిన్న చిన్న భాగాలు చేసి మైనస్ 80 డిగ్రీల సెల్సియస్‌లో దాచు. మళ్లీ మళ్లీ కరిగించి గడ్డకట్టిస్తే ప్రొటీన్ పాడవుతుంది. వరంగల్ మే ఎండల్లో పక్క బిల్డింగ్‌కు తీసుకెళ్లినా ఐస్ డబ్బాలోనే తీసుకెళ్లు.