ఇంటి సామాన్ల లెక్కకు ఏ సాఫ్ట్‌వేర్ మంచిది?

ప్రశ్న: మాది విజయవాడ సింగ్‌నగర్. 2024 సెప్టెంబరులో బుడమేరు నీళ్లు ఇంట్లోకి వచ్చినప్పుడు ఫ్రిజ్, వాషింగ్ మెషీన్‌తో పాటు బిల్లుల ఫైలు కూడా తడిసి ముద్దయింది. ఏ వస్తువు ఎప్పుడు, ఎంతకు కొన్నామో చెప్పలేకపోయాం. అన్నీ ఒకచోట రాసిపెట్టుకోవడానికి ఉచిత ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ ఏది బాగుంటుంది? ఇంట్లో పాత ల్యాప్‌టాప్ ఒకటి ఖాళీగా ఉంది.

జవాబు: హోమ్‌బాక్స్ పెట్టుకోండి. ఇళ్ల కోసమే తయారుచేసింది ఇది. పడగ్గది, అందులో బీరువా, బీరువాలో పై అర అంటూ చోట్లను ఒకదాని కింద ఒకటి పేర్చుకోవచ్చు. వస్తువు పేరు పక్కన మోడల్, సీరియల్ నంబరు, కొన్న తేదీ, ధర, వారంటీ గడువు రాసి, బిల్లు ఫొటో జతచేయొచ్చు. ఏసీ సర్వీసింగ్ ఎప్పుడు చేయించారో కూడా అక్కడే ఉంటుంది. చాలా తేలికైన సాఫ్ట్‌వేర్ కాబట్టి పాత ల్యాప్‌టాప్ సరిపోతుంది. డాకర్ (ఇలాంటి సాఫ్ట్‌వేర్‌ను కంప్యూటర్‌లో ఎక్కించి నడిపే సాధనం) తెలిసినవాళ్లు ఒకసారి ఎక్కించి ఇస్తే, తర్వాత ఇంటి వైఫైలో ఉన్న ఏ ఫోన్ నుంచైనా బ్రౌజర్‌లో తెరుచుకోవచ్చు.

ఒక జాగ్రత్త. దీన్ని మొదట రాసిన డెవలపర్ 2024లో పని ఆపేశారు. కోడ్ అందరికీ అందుబాటులో ఉంది కాబట్టి సిస్‌అడ్మిన్స్ మీడియా అనే బృందం దాన్ని అందుకుని కొనసాగిస్తోంది. వాళ్ల వెర్షన్‌నే దించుకోండి. ఓపెన్ సోర్స్ తీసుకోమని నేను గట్టిగా చెప్పేది ఇందుకే. రాసినవాళ్లు వదిలేసినా మీ లెక్క ఆగిపోదు. అయితే ఏ సాఫ్ట్‌వేర్‌నైనా మొదటి రోజే పరీక్షించండి. నాలుగు వస్తువులు ఎక్కించి, సీఎస్‌వీ ఫైలుగా, అంటే ఏ సాఫ్ట్‌వేర్‌లోనైనా తెరుచుకునే మామూలు పట్టిక ఫైలుగా బయటికి తీసి, ఎక్సెల్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్ లిబ్రెఆఫీస్ క్యాల్క్‌లో తెరిచి చూడండి. మీ సమాచారం బయటికి రాకపోతే అది ఉచితమైనా వద్దు.

స్నైప్-ఐటీ పేరు కూడా మీకు కనిపిస్తుంది. మంచిదే, కానీ ఏ ఉద్యోగి దగ్గర ఏ కంప్యూటర్ ఉందో చూసుకునే ఆఫీసులకు పనికొచ్చేది. మీకు అక్కర్లేదు.

అన్నిటికన్నా ముఖ్యం బ్యాకప్. మళ్లీ నీళ్లొస్తే ల్యాప్‌టాప్ కూడా మునుగుతుంది. సీఎస్‌వీలో అక్షరాలే ఉంటాయి, ఫొటోలు రావు. అందుకని హోమ్‌బాక్స్ డేటా ఫోల్డర్ మొత్తాన్ని పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసి, వేరే ఊళ్లో ఉన్న అక్కయ్య ఇంట్లోనో అన్నయ్య ఇంట్లోనో ఉంచండి. లేదా పాస్‌వర్డ్ పెట్టిన జిప్ ఫైలుగా క్లౌడ్‌లో దాచండి. పండక్కి వెళ్లినప్పుడల్లా పెన్‌డ్రైవ్ మార్చినా చాలు.

ఇల్లంతా ఒకేసారి రాయాలని కూర్చోకండి, విసుగొచ్చి వదిలేస్తారు. నేల మీద ఉండే ఖరీదైన వస్తువులతో మొదలుపెట్టండి: ఫ్రిజ్, వాషింగ్ మెషీన్, ఇన్వర్టర్ బ్యాటరీ, మోటారు. వెనకో పక్కనో ఉండే సీరియల్ నంబరు స్టిక్కర్‌ను ఫొటో తీయండి. షాపులో మెషీన్ నుంచి వచ్చే బిల్లులు చాలావరకు థర్మల్ కాగితం మీదివే, కొన్నాళ్లకు అక్షరాలు చెరిగిపోతాయి. కొన్న రోజే ఫొటో తీయడం అలవాటు చేసుకోండి.

ఇంటికి భారత్ గృహ రక్ష పాలసీ తీసుకుంటే, భవనం బీమా మొత్తంలో 20 శాతం వరకు, గరిష్ఠంగా రూ.10 లక్షల దాకా, సామాన్లకు జాబితా ఇవ్వకుండానే కవర్ వస్తుంది. నగలకు విడిగా తీసుకోవాలి. క్లెయిమ్ రోజున ఏం పోయిందో చూపించాల్సింది మాత్రం మీరే, అప్పుడు ఈ ఫొటోలే అక్కరకొస్తాయి.

ప్రశ్న: మాకు కంప్యూటర్ లేదు, ఫోనే. పప్పులు, మందుల గడువు తేదీలు గుర్తుంచుకోవడానికి ఏదైనా ఉందా?

జవాబు: సరుకుల కోసం గ్రోసీ అనే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ ఉంది. గడువు తేదీలు చూపిస్తుంది, నిల్వ తగ్గితే కొనాల్సిన జాబితాలో చేరుస్తుంది. కానీ దాన్ని నడపడానికి ఒక కంప్యూటరో సర్వరో కావాలి. పైగా డబ్బాలోంచి తీసిన ప్రతిసారీ నమోదు చేయాలి, చాలా ఇళ్లలో అది సాగదు. మీకు ఫోన్‌లోని క్యాలెండర్ చాలు. మందుల గడువుకు నెల ముందు రిమైండర్ పెట్టుకోండి, పప్పు డబ్బా మీద మార్కర్‌తో తేదీ రాయండి.