టిప్పర్ అమ్మి గ్రీన్ లాజిస్టిక్స్ చదివించాలా?

ప్రశ్న: మాది గడ్చిరోలి జిల్లా సిరొంచ. రెండు టిప్పర్లతో ఇసుక, కంకర తోలుతాం. ఇకపై కట్టుబడి సామానంతా నదుల్లో బార్జీల (సరుకు మోసే పెద్ద పడవల) మీదే వస్తుందట, లారీలకు పని ఉండదట. మా వాడు సివిల్ డిప్లొమా పూర్తి చేశాడు, సర్వే పనంటే ఇష్టం. ఒక టిప్పర్ అమ్మి వాణ్ని పుణెలో ఏడాది గ్రీన్ లాజిస్టిక్స్ (పొగ తక్కువగా సరుకు రవాణా) కోర్సులో చేర్చాలా, బి.ఇ.లోనా?

జవాబు: టిప్పర్ అమ్మకండి. మీ అసలు భయం కోర్సు గురించి కాదు, మీ బతుకుతెరువు గురించి. ముందు దాని సంగతి చూద్దాం.

నీటి రవాణా మంచిదే. లీటరు డీజిల్‌తో టన్ను సరుకు రోడ్డు మీద 24 కిలోమీటర్లు వెళ్తే, నీటి మీద 105 వెళ్తుందని ప్రభుత్వ లెక్క. పొగ కూడా ఆ మేరకు తగ్గుతుంది. లండన్‌లో థేమ్స్ నది కింద టైడ్‌వే అనే మురుగునీటి సొరంగం తవ్వినప్పుడు మట్టిని చాలావరకు బార్జీల్లోనే తరలించారు. కానీ మన దేశంలో చూడండి: జార్ఖండ్‌లోని సాహిబ్‌గంజ్ కంకర లారీలే పడవెక్కి గంగ దాటుతాయి. ఘాట్ నుంచి సైటు దాకా తోలడానికి టిప్పర్ కావాల్సిందే.

ఇక మన నది. వైన్‌గంగ-ప్రాణహిత 2016 చట్టంలో జాతీయ జలమార్గం అయింది. చట్టంలో పేరెక్కడం వేరు, బార్జీ నడవడం వేరు. ఎండాకాలం సిరొంచ దగ్గర ప్రాణహితలో ఇసుక తిన్నెలు మీరు రోజూ చూసేవే. అంత లోతు తక్కువ నీళ్లలో బరువెక్కిన బార్జీ ఎలా కదులుతుంది? ఇది తెలిసి కూడా కోర్సు బ్రోషర్ మాట నమ్మి బండి అమ్మడానికి సిద్ధపడ్డారంటే నాకు కోపం వస్తోంది. మీ వాడికి సర్వే ఇష్టమని మీరే రాశారు, మళ్లీ ఆ మాటే పట్టించుకోలేదు.

ఆ కోర్సు మీద నాకు గట్టి అనుమానాలే ఉన్నాయి. ఏడాదిలో సప్లై చైన్ (సరుకు చేరవేత) పదాలు వస్తాయి, చేతిలో పని రాదు. బోటు సిబ్బందికి శిక్షణ పట్నాలోని నేషనల్ ఇన్‌ల్యాండ్ నావిగేషన్ ఇన్‌స్టిట్యూట్‌లో ఉంది, అది వేరే దారి. జలమార్గాల్లో మొదట కావాల్సింది నది లోతు కొలిచేవాళ్లు, పూడిక తీయించేవాళ్లు, పడవలు ఆగే జెట్టీలు కట్టేవాళ్లు. అదంతా సివిల్ పనే. బార్జీలు రాకపోయినా రోడ్లకు, కాలువలకు, వంతెనలకు సర్వే తెలిసినవాడు కావాలి. అందుకే బి.ఇ. సివిల్ రెండో సంవత్సరంలో నేరుగా చేర్చండి. సెలవుల్లో సర్వేయర్ వెంట పంపండి, అబ్బాయి చేయి తిరుగుతుంది.

ఇంత చెప్పాక కూడా ఆ కోర్సే కావాలంటే, నిరుడు పాసైనవాళ్లు ఎక్కడ, ఏ జీతానికి చేరారో కాగితం మీద ఇవ్వమని అడగండి. ఇవ్వకపోతే అడ్వాన్స్ కట్టొద్దు. బండి కాగితాలు బ్రోకర్ చేతిలో పెట్టి ఉంటే ఈ వారమే వెనక్కి తెచ్చుకోండి.