ఊరి ఇంటికి వరదొస్తే డబ్బెక్కడిది?

ప్రశ్న (ఉత్తరాన్ని కుదించాం): నాకు 38 ఏళ్లు. మియాపూర్‌లో అద్దెకుంటూ ప్రైవేటు ఉద్యోగం చేస్తున్నాను. చేతికొచ్చేది నెలకు 78,000. అద్దె, పిల్లల ఫీజులు, ఇంటి ఖర్చు కలిపి 46,000 అవుతుంది. అమ్మానాన్న ఖమ్మం దగ్గర మున్నేరు ఒడ్డున మా ఊళ్లో ఉంటారు. డాబా ఇల్లు. 2024 సెప్టెంబరు వరదలో ఛాతీ లోతు నీళ్లొచ్చాయి. అప్పుడు తెలిసిన వడ్డీ వ్యాపారి దగ్గర మూడు రూపాయల వడ్డీకి 1.8 లక్షలు, లోన్ యాప్‌లో 80,000 తెచ్చాను. యాప్‌ది ఇంకా 40,000 ఉంది, వడ్డీ అప్పు అసలు అలాగే ఉంది. మ్యూచువల్ ఫండ్లలో నెలనెలా కట్టే సిప్ మాత్రం ఒక్క నెల కూడా ఆపలేదు. నెలకు 12,000, ఫండ్లలో ఇప్పుడు 4.2 లక్షలు. రిజిస్టర్డ్ చిట్టీ 10,000 కడుతున్నాను, ఇంకో 14 నెలలుంది. బ్యాంకులో 35,000. మళ్లీ వరదొచ్చేలోపు డాబా మీద గది వేయాలని ఉంది. బ్యాంకు 14 శాతానికి ఐదేళ్లకు 6 లక్షల పర్సనల్ లోన్ ఇస్తానంటోంది. తీసుకోవచ్చా? లేక అమ్మ నగలు తాకట్టు పెట్టాలా? చిట్టీ పాడాలా?

జవాబు: లోన్ తీసుకోవద్దు. గది వేయాలన్న ఆలోచన మంచిదే. నీళ్లు ముంచెత్తినప్పుడు పెద్దవాళ్లు ఎక్కి కూర్చోవడానికి పైన ఒక చోటు ఉండాల్సిందే. కానీ మీ లెక్క మీరే ఒకసారి చూసుకోండి. ఖర్చులు 46,000, సిప్ 12,000, చిట్టీ 10,000, మూడు రూపాయల వడ్డీ 5,400, పోగా మిగిలిన 4,600 యాప్ కిస్తీకి పోతోంది. జీతం అక్కడికి సరి. 6 లక్షల లోనుకు ఈఎంఐ దాదాపు 13,960 పడుతుంది. అది ఏ జేబులోంచి తీస్తారు? మళ్లీ యాప్ దగ్గరికే వెళ్తారు. దయచేసి ఇంకెప్పుడూ ఆ వైపు వెళ్లకండి. 2020 చివర్లో ఈ యాప్‌ల వేధింపులు తట్టుకోలేక మన రాష్ట్రంలోనే ప్రాణాలు తీసుకున్నవాళ్లున్నారు.

మీ ఉత్తరానికే జవాబు రాయడానికి కారణం ఉంది. హైదరాబాద్‌లో ఉద్యోగం, ఊళ్లో అమ్మానాన్న ఉన్న చాలామంది మీలాగే చేస్తున్నారు. అత్యవసర నిధి ఎంతుండాలో లెక్కేసేటప్పుడు సిటీలో అద్దె, ఫీజులు, కిరాణా మాత్రమే కూడతారు. ఊరి ఇల్లు ఆ లెక్కలోకి రాదు. వాగు పొంగినా, గాలివానకు రేకులు లేచిపోయినా ఆ ఖర్చు వచ్చి పడేది మాత్రం కొడుకు మీదో కూతురి మీదో. అప్పుడు చేతిలో డబ్బుండదు, అడిగిన వడ్డీకల్లా తల ఊపాల్సి వస్తుంది. మీకు సిటీ ఇంటికి కూడా నిధి లేదు, అది వేరే సంగతి.

సిప్ ఆపకూడదన్న మాట మీరు బాగా పట్టుకున్నారు. కానీ ఆ మాట నూటికి మూడు రూపాయలు కడుతున్నవాళ్లకు చెప్పింది కాదు. 1.8 లక్షల మీద మీరు ఏడాదికి కడుతున్నది 64,800. మీ ఫండ్లలోని 4.2 లక్షలు ఏడాదికి 12 శాతం పెరిగాయనుకున్నా వచ్చేది 50,400. అంటే మీ పొదుపు మొత్తం కలిసి సంపాదించేదాని కంటే ఆ ఒక్క అప్పు తినేదే ఎక్కువ. ఇది తెలిసి కూడా ఫండ్లను ముట్టుకోకపోవడం నాకు చాలా బాధగా అనిపించింది.

ఈ వారమే 4.2 లక్షలూ వెనక్కి తీయండి. ఈక్విటీ ఫండ్లలో ఏడాది దాటిన యూనిట్లయితే ఆ ఏడాది లాభం 1.25 లక్షల దాకా పన్ను పడదు. 1.8 లక్షలు వడ్డీ వ్యాపారికి కట్టేసి నోటు వెనక్కి తీసుకోండి, మీ కళ్లముందే చింపించండి. 40,000 యాప్‌కు కట్టి, అప్పు తీరిందన్న పత్రం తెప్పించుకుని, ఆ తర్వాతే ఫోన్‌లోంచి దాన్ని తీసేయండి. మిగిలే 2 లక్షల్లో 1.5 లక్షలు ఊరి ఇంటి పేరున విడిగా పెట్టండి. 50,000, బ్యాంకులో ఉన్న 35,000 సిటీ ఇంటి నిధికి మొదలు. సిప్, వడ్డీ, యాప్ కిస్తీ పోతే నెలకు 22,000 చేతిలో ఉంటుంది. అది మొత్తం సిటీ నిధికే వేస్తే తొమ్మిది నెలల్లో మీ ఆరు నెలల ఖర్చు 2.76 లక్షలు దాటుతుంది. అప్పటిదాకా సిప్ మాట ఎత్తవద్దు.

ఊరికి 1.5 లక్షలే ఎందుకన్నది మీరు రాసిన ఖర్చుల చీటీలోనే ఉంది. బురద ఎత్తడానికి ట్రాక్టరు, కూలీలు, మోటారు వైండింగు, మంచాలు, ఫ్రిజ్, తడిసి మొలకలొచ్చిన బియ్యం బస్తాలు, గేదెకు కొనుక్కొచ్చిన గడ్డి. ఇందులో మొదటి పది రోజుల్లో తప్పనిసరిగా అయిన ఖర్చు లక్షకు కాస్త అటూ ఇటూ. మిగతావి ఆగగలిగేవే, ఫ్రిజ్‌తో సహా. వడ్డీ వ్యాపారి గుమ్మం తొక్కించింది ఆ పది రోజులే.

ప్రభుత్వ సాయం వస్తుంది కదా అనుకుంటారేమో. రావాలి, వచ్చినప్పుడు తీసుకోవాలి. కానీ ఎంతొస్తుందో తెలుసుకోండి. 2020 అక్టోబరులో హైదరాబాద్ మునిగినప్పుడు కుటుంబానికి 10,000 ఇచ్చారు. 2024లో ఖమ్మం బాధితులకు మొదట ప్రకటించిందీ 10,000. 2022-26 విపత్తు నిధి నిబంధనల్లో బట్టలకు 2,500, వంట సామాన్లకు 2,500. మీ ట్రాక్టరు కిరాయి పక్కన ఈ అంకెలు పెట్టి చూడండి.

ఆ 1.5 లక్షలు ఎక్కడ పెడతారన్నది కూడా ముఖ్యమే. 2024 సెప్టెంబరు 1 ఆదివారం. బ్యాంకులు లేవు. కరెంటు పోయింది, సిగ్నల్ పోయింది, ఫోన్‌పే పనిచేయలేదని మీరే రాశారు. కాబట్టి 15,000 నోట్ల రూపంలో ఉండాలి, అందులో వందలు, రెండొందలు ఎక్కువగా ఉండాలి. అది కూడా మీ ఇంట్లో కాదు, ఖమ్మంలో మెరక మీద ఉన్న మీ బాబాయిగారింట్లో. 50,000 అమ్మానాన్నల జాయింటు ఖాతాలో. మిగతాది మీ పేరున ఎఫ్‌డీ, ఏ రోజైనా తీసుకోగలిగేది.

మున్నేరుకు ఖమ్మం దగ్గర 16 అడుగులకు మొదటి హెచ్చరిక, 24కు రెండోది. ఆ రోజు 36 దాటింది. పైన మహబూబాబాద్ వైపు రాత్రంతా కురిసిన వాన ఆకేరుతో కలిసి కిందికొచ్చేసరికి మీ నాన్నగారికి సామాను సర్దే వ్యవధి లేకపోయింది. అందుకే ఒక మాట ముందే అనుకోండి: 16 అడుగులన్న వార్త వినగానే పట్టాదారు పాసు పుస్తకం, ఆధార్, బ్యాంకు పుస్తకాలు ప్లాస్టిక్ కవర్లో వేసుకుని, అమ్మ నగలు తీసుకుని బాబాయిగారింటికి బయల్దేరడమే. గేదెను ముందే విప్పి మెరకకు తోలాలి. రెండో హెచ్చరిక కోసం చూడకూడదు. జిల్లా కంట్రోల్ రూమ్ నంబరు 1077 గోడ మీద పెద్ద అక్షరాలతో రాయించండి.

తర్వాత బీమా. భారత్ గృహ రక్ష పాలసీ నాన్నగారి పేరున తీసుకోండి, వరద అందులో ఉంది. స్థలం ధర కలపకండి, ఇల్లు మళ్లీ కట్టడానికి ఎంతవుతుందో అంతకే చేయించండి. ఇంటికి చేసిన బీమాలో 20 శాతం, గరిష్ఠంగా 10 లక్షల దాకా, సామాన్లకు దానంతటదే వర్తిస్తుంది. ఇప్పుడే నాలుగు గదులూ, సామాన్లూ ఫోన్‌లో వీడియో తీసి పెట్టుకోండి. నీళ్లొస్తే నష్టం అంచనా వేసే బీమా సర్వేయర్ చూసేదాకా, కనీసం ఫొటోలు తీసేదాకా పాడైనవి బయట పారేయకండి. ఒకటి గుర్తుంచుకోండి, క్లెయిమ్ డబ్బు సర్వే అయ్యాకే వస్తుంది. ఆ లోపు ఇంట్లో పొయ్యి వెలగాలంటే పైన చెప్పిన నిధే దిక్కు. బీమా తీసుకున్నాం కదా అని నిధి తగ్గించుకునేవాళ్లను చూస్తుంటాను, అలా చేయకండి.

నాన్నగారికి 66 ఏళ్లన్నారు. ఏడాదికి 20 రూపాయల ప్రధానమంత్రి సురక్షా బీమా యోజనకు 70 ఏళ్ల దాకా అర్హతుంది, వరదలాంటి విపత్తుల్లో ప్రాణం పోయినా 2 లక్షలిస్తారు. ఇద్దరికీ చేయించండి. బండికి థర్డ్ పార్టీ బీమా మాత్రమే ఉంటే మునిగితే పైసా రాదు.

నగలు: ఇప్పుడు ముట్టుకోవద్దు. మళ్లీ తప్పనిసరి పరిస్థితే వస్తే మాత్రం వడ్డీ వ్యాపారి కంటే ముందు బ్యాంకులో నగలు పెట్టండి, అక్కడ రూపాయి లోపు వడ్డీకే దొరుకుతుంది. చిట్టీ: పాడొద్దు.

ఇక గది. వచ్చే వానాకాలంలోపు చేయగలిగిన పనులు చాలా తక్కువలో ఉన్నాయి. మీటరు, స్విచ్‌బోర్డులు, మోటారు స్టార్టరు మొన్నటి నీటి గుర్తుకు పైకి ఎత్తించండి. బియ్యం, విత్తనాలు పెట్టుకోవడానికి సజ్జ వేయించండి. డాబా మీదికి మెట్లున్నాయి కాబట్టి పైన నాలుగు గొట్టాలు పాతి రేకులు వేస్తే ఒక రాత్రి గడుస్తుంది. చిట్టీ చివరిదాకా కడితే 14 నెలల తర్వాత కమిషన్ పోను దాదాపు 2.35 లక్షలొస్తాయి. పదో నెల నుంచి 22,000లో 12,000 సిప్‌కు, 10,000 గదికి వేస్తే మరో 50,000 కలుస్తుంది. ఆ డబ్బుతో స్లాబు లేకుండా ఒక్క గది, రేకుల కప్పుతో వేయొచ్చేమో మీ ఊరి మేస్త్రీని అడగండి. సరిపోదంటే ఇంకో ఏడాది కూడబెట్టి వేయండి.