ఎదురుగా ఇంకో కెఫే వెలిసిన మేనకోడలికి

చిరంజీవి అమ్మడికి, మావయ్య దీవెనలు.

ఎదురు కెఫే వాడు ఒకటి కొంటే ఒకటి ఉచితం అని బోర్డు కట్టాడు, నేనూ కట్టనా అని అడిగావు. కట్టకు. ఉచితానికి వచ్చే జనం రేపు ఇంకో బోర్డు కిందకి పోతారు, మన బెజవాడలో కానూరు నుంచి పోరంకి దాకా బందరు రోడ్డు మీద బోర్డులకేం కరువు? వాడి ధరల పట్టీ అటుంచి వాడి షట్టరు ఎన్నింటికి లేస్తుందో చూడు. పదకొండుకి. నీదీ పదకొండుకే.

అద్దె నెలకి 60,000 అనుకుందాం. రోజుకి 2,000. 120 రూపాయల కాఫీలో సరుకు పోను 80 మిగిలితే, 25 కాఫీలు ఒక్క అద్దెకే పోయాయి. జీతాలూ కరెంటూ ఆ తర్వాత. పైగా నీకు గట్టి బేరం సాయంత్రం ఐదు నుంచి తొమ్మిది దాకా, అదే వేళకి చుట్టుపక్కల ప్రతి కొట్టుకీ గట్టి బేరమే. అద్దె మాత్రం ఇరవై నాలుగ్గంటలకీ కడుతున్నావు.

అందుకని పొద్దున ఆరింటికి తెరువు. వాకింగ్‌కి వచ్చినవాళ్ళు, పిల్లల్ని కాలేజీ బస్సు ఎక్కించిన తల్లిదండ్రులు, డ్యూటీ దిగిన నర్సులు, వీళ్ళెవరికీ ఆ పూట కాపుచినో అక్కర్లేదు. ఫిల్టర్ కాఫీ కావాలి. ‘అది పెడితే హోటల్ లుక్ వస్తుంది మావయ్యా’ అని నువ్వు ఫోనులో మూతి ముడుచుకోవడం నాకు ఇక్కడికి కనిపించింది. రానీ. గాంధీనగర్‌లో బాబాయ్ హోటల్ ముందు జనం వెన్న ఇడ్లీ కోసం నిలబడుతున్నారు గానీ గోడ రంగు చూసి కాదు. గుమ్మం పక్కన నిలబడి తాగే చిన్న బల్ల వెయ్యి, 30 రూపాయలు పెట్టు, తొమ్మిదిన్నరకి ఆపెయ్యి. ఏసీ వెయ్యనక్కర్లేదు, నీ ఇటలీ కాఫీ మిషను ఇంకా నిద్రలోనే ఉంటుంది.

పొడి దగ్గర మాత్రం కక్కుర్తి పడకు. కాఫీ పొడిలో చికోరీ వేరు పొడి 49 శాతం దాకా కలపొచ్చని చట్టం ఒప్పుకుంటుంది, ఎంత కలిపారో ప్యాకెట్ మీద వెయ్యాలి కూడా. సగానికి సగం కలిపితే రంగు చిక్కగా దిగుతుంది, నోట్లో చేదు తప్ప ఇంకేం ఉండదు. నేను 80 పాళ్ళు కాఫీ, 20 పాళ్ళు చికోరీ దాటనిచ్చేవాణ్ణి కాదు. పాలు 6 శాతం వెన్న ఉన్న ఫుల్ క్రీమ్‌వే తీసుకో. ఒకేసారి కాచి గంటల తరబడి మరగనివ్వకు, తక్కువ తక్కువగా కాచుకో. పొద్దున్నే వచ్చేవాళ్ళలో సగం మంది ఏళ్ళ తరబడి ఇంట్లో మంచి కాఫీ తాగుతున్నవాళ్ళే, పాలు మాడిన వాసన గుక్కలోనే పట్టేస్తారు.

మిషన్ కాఫీ సంగతి నీకే బాగా తెలుసు, నేను చూసింది ఒకటి చెప్తాను. మొన్న వచ్చినప్పుడు ఒక్క కప్పు కోసం మీ కుర్రాడు అర లీటరు జగ్గు నిండా పాలు నురగ తీశాడు, మిగిలింది సింకులో పోశాడు. చిన్న జగ్గు కొనివ్వు. బోరు నీళ్ళు పోస్తే బాయిలర్‌లో గార కడుతుంది. పూర్తిగా ఆర్వో నీళ్ళయితే కాఫీ చప్పగా ఉంటుంది. నీళ్ళలో కరిగిన లవణాల లెక్క, అదే టీడీఎస్, 150 దరిదాపుల్లో ఉండేట్టు మీటరు పెట్టి చూసుకోవాలి. పొద్దున మొదటి షాటు, అంటే మిషనులోంచి దిగే చిక్కటి కాఫీ, 18 గ్రాముల పొడితో పాతిక ముప్పై సెకన్లలో దిగకపోతే గ్రైండర్‌లో పొడి మెత్తదనం సర్దమను. ముసురు పట్టిన రోజున నిన్నటి లెక్క పనికిరాదు. ఆ పని తెలిసినవాడు ఒక్కడే ఉంటే వాణ్ణి ఎదురు కొట్టువాడు ఎగరేసుకుపోతాడు, ఇద్దరికి నేర్పు. కొలతలన్నీ పుస్తకంలో రాయించు. జీతం ఒకటో తారీకు దాటనివ్వకు.

ల్యాప్‌టాప్ తెరిచి ఒక్క కాఫీతో మూడు గంటలు కూర్చునే పిల్లల మీద విసుక్కున్నావు. వాళ్ళని తరమకు, ఖాళీ కొట్టులోకి ఎవరూ అడుగు పెట్టరు. గోడ వారన ఎత్తు స్టూళ్ళు వేసి ప్లగ్గులన్నీ అక్కడే పెట్టించు. నలుగురు కూర్చునే బల్లల దగ్గర ప్లగ్గులు తీయించెయ్యి. ఎవరి చోటుకి వాళ్ళే పోతారు.

మన ఊళ్ళో వ్యాపారం తిథుల్ని బట్టి కూడా నడుస్తుంది. కార్తీకంలో గుడ్డు లేని కేకులు విడిగా, వేరే ట్రేలో చేయించు. అడిగినవాళ్ళకి తడుముకోకుండా చెప్పగలగాలి. సంక్రాంతికి హాస్టళ్ళు ఖాళీ అవుతాయని దిగులుపడకు, డిసెంబరు నుంచే అమెరికాలో ఉండే మనవాళ్ళు పిల్లల్తో దిగుతారు, వాళ్ళకి పెద్ద బల్లలు కావాలి. మే నెల మధ్యాహ్నం రెండు నుంచి నాలుగున్నర దాకా బెజవాడలో కాకి కూడా బయటికి రాదు. అప్పుడు సగం ఏసీలు ఆపి, సీసాలో పట్టిన కోల్డ్ కాఫీ, శాండ్‌విచ్‌లు పార్సిల్‌కి పెట్టు. యాప్ కమీషన్ పోను ఎంత మిగులుతుందో వస్తువు వస్తువుకీ వేసుకో. వేడి కాపుచినో అసలు పంపకు. దారిలో నురగ చచ్చిపోతుంది, తిట్లు నీకు పడతాయి.

కాగితాల విషయం. నీ అద్దె ఒప్పందం పదకొండు నెలలది అని విన్నాను. లోపల అంత ఖర్చు పెట్టి పదకొండు నెలల కాగితం మీద కూర్చోవడమేమిటి? బేరం పుంజుకున్న రోజునే ఇంటాయనకి అద్దె పెంచాలని గుర్తొస్తుంది. కనీసం ఐదేళ్ళకి, ఏటా ఎంత పెంచాలో ముందే రాసుకుని రిజిస్టర్ చేయించు. ఏడాది దాటిన లీజు రిజిస్టర్ కాకపోతే రేపు తగువొస్తే ఆ కాగితాన్ని చూపించి నిలబడలేవు. ఇంకోటి, 5 శాతం జీఎస్టీ కట్టే కెఫేకి కొన్నవాటి మీద కట్టిన పన్ను వెనక్కి రాదు. అందుకని మిషనుకైనా కుర్చీలకైనా ధర అడిగేటప్పుడు పన్నుతో కలిపే అడుగు. కొట్టు వంటింట్లో ఆ ఇంటి గ్యాసు ఎర్ర సిలిండరు ఇవాళే ఇంటికి పంపెయ్, కొట్టులో వాడాల్సింది 19 కిలోల కమర్షియల్‌దే. తనిఖీకి వస్తే ముందు చూసేది అదే.

వచ్చే సోమవారం మొదలుపెట్టు. మొదటి వారం ఇరవై కప్పులకి సరిపడా డికాక్షనే వేసుకో. మిగిలితే చల్లార్చి ఫ్రిజ్‌లో పెట్టి ఆ మధ్యాహ్నం కోల్డ్ కాఫీలో వాడు, మర్నాటికి ఉంచకు. తొమ్మిది లోపే అయిపోతున్న రోజు నుంచి ఐదేసి కప్పులు పెంచుకుంటూ పో. మీ అత్తయ్య ఇత్తడి ఫిల్టరు తోమించి పెట్టింది, ఆటోనగర్ వైపు వచ్చే కుర్రాడి చేత రేపు పంపిస్తాను.

ఇట్లు,
మీ మావయ్య