గ్రహణానికి, బిడ్డ వెన్నుకు సంబంధం లేదు.. మాత్ర మాత్రం గర్భానికి ముందే మొదలుపెట్టాలి

ప్రశ్న: మాది నల్లగొండ జిల్లా గట్టుప్పల్ దిక్కు, మగ్గం పని. నాకు 24 ఏండ్లు. పోయినేడు మొదటి గర్భంలో, అయిదో నెల స్కాన్‌లో బిడ్డ వెన్ను మూసుకోలేదన్నారు. తీయించుకోవాల్సి వచ్చింది. నాలుగో నెలలో గ్రహణం నాడు కత్తిపీట పట్టినందుకే ఇట్లయిందని అత్తమ్మ అంటున్నది. మళ్లీ గర్భమంటే భయమైతున్నది. - ఓ సోదరి

జవాబు: ముందు ఆ కత్తిపీట సంగతి తేల్చుకుందాం తల్లీ. పిండానికి వెన్ను మూసుకునేది గర్భం నిలిచిన 28 రోజుల లోపే. మీరు కత్తిపీట పట్టింది నాలుగో నెలలో. అప్పటికే ఆ పని ఎప్పుడో ముగిసింది. ఇందులో మీ తప్పేమీ లేదు. ఈ మాట అత్తమ్మకూ చదివి వినిపించండి.

లోపల జరిగేది మీ ఇంటి పనిలాంటిదే. ఇక్కత్ చీరకు నూలుకు రబ్బరు కట్టి రంగులో ముంచుతారు కదా. నూలంతా ఒకటే, కట్టిన చోట రంగెక్కదు, విడిచిన చోట ఎక్కుతుంది. కణాలన్నింటిలో జన్యువులూ అవే. ఏవి మూసుకున్నాయి, ఏవి తెరుచుకున్నాయన్న దాన్నిబట్టి ఒక కణం నరమవుతుంది, ఇంకోటి ఎముకవుతుంది. అయిదారు రోజులకే బయటి కణాలు మాయ వైపు, లోపలివి బిడ్డ వైపు మళ్లుతాయి. బయట గాటా3, లోపల ఓసీటీ4 లాంటి జన్యువులు ఆ దారి పట్టిస్తాయి. మూడో వారంలో లోపలి కణాలు మూడు పొరలవుతాయి. పై పొర నడుమనున్న పట్టీ ముడుచుకుని గొట్టంలా అతుక్కుంటుంది. అదే మెదడు, వెన్నుపాము. ఎక్కడైనా అతుకు కలవకపోతే మీ బిడ్డకొచ్చిన లోపం వస్తుంది. జన్యువులతో పాటు ఫోలేట్ అనే బి విటమిన్ కొరత, అదుపులో లేని షుగరు, కొన్ని ఫిట్స్ మందులు కూడా ఇందుకు కారణమవుతాయి.

నెల తప్పిందని తెలిసేసరికే రెండు వారాలు గడిచిపోతాయి. అందుకే ఫోలేట్ మాత్ర, అంటే ఫోలిక్ యాసిడ్, అప్పుడు మొదలుపెడితే ఆలస్యమే. మామూలుగా రోజుకు 400 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ సరిపోతుంది. మీలా ఒకసారి ఈ లోపం వచ్చినవాళ్లకు అంతకు పది రెట్లు, అంటే 4 మిల్లీగ్రాములు కావాలి. ఆ మోతాదుతో ఇది మళ్లీ వచ్చే ముప్పు 72 శాతం తగ్గిందని 1991లో వెలువడిన పెద్ద పరీక్షలో తేలింది. మన మందుల షాపుల్లో దొరికేది 5 మిల్లీగ్రాముల మాత్ర, డాక్టరుతో రాయించుకొని గర్భానికి మూడు నెలల ముందు నుంచి మూడో నెల నిండేదాకా వాడండి.

మీది మేనరికమైతే ఆ సంగతి డాక్టరుకు తప్పక చెప్పండి. హైదరాబాద్ నిమ్స్‌లో జన్యు విభాగం ఉంది, ఒకసారి ఇద్దరూ వెళ్లి రండి. ఈసారి మూడో నెల చివర్లో ఒక స్కాన్, అయిదో నెలలో బిడ్డ అవయవాలన్నీ చూసే టిఫా స్కాన్ మానొద్దు.