పాలపుంత నడుమ గామా కిరణాల బుడగలు ఎలా పుట్టాయి? మైపాడు బీచ్ నుంచి కనిపిస్తాయా?

కంటికి కనిపించవు. ఎక్స్-రేల కన్నా శక్తిమంతమైన గామా కిరణాలను వాతావరణమే ఆపేస్తుంది. 2008లో కక్ష్యలోకి వెళ్లిన ఫెర్మి గామా కిరణాల టెలిస్కోపు డేటాలో 2010లో ఇవి బయటపడ్డాయి. పళ్లెంలా ఉండే పాలపుంతకి అటొకటి, ఇటొకటి, ఒక్కోటి దాదాపు 25,000 కాంతి సంవత్సరాల ఎత్తు.

పుట్టుక ఇంకా తేలలేదు. పాలపుంత కేంద్రంలో 40 లక్షల సూర్యుల బరువున్న సాజిటేరియస్ ఏ స్టార్ కృష్ణబిలం కొన్ని పదుల లక్షల ఏళ్ల కిందట బోలెడు వాయువు మింగి జెట్లు (వేగంగా దూసుకుపోయే ధారలు) చిమ్మిందనేది ఒక వాదం. అక్కడ గుంపుగా పుట్టిన భారీ నక్షత్రాలు పేలి వాయువును బయటికి తోశాయనేది రెండోది.

అసలు చిక్కుముడి ఆ గామా వెలుగు ఏ కణాలదన్నదే. వేగంగా పోయే ఎలక్ట్రాన్లు కాంతి కణాలను గుద్ది వాటి శక్తి పెంచుతుంటే, ఆ ఎలక్ట్రాన్లు త్వరగా నీరసించిపోతాయి కాబట్టి బుడగలు కుర్రవే అయ్యుండాలి. అలాంటి ఎలక్ట్రాన్లే వెదజల్లే మసక మైక్రోవేవ్ వెలుగు కూడా అదే చోట దొరికింది గనక నా మొగ్గు ఇటే. ప్రోటాన్లు వాయువును ఢీకొంటుంటే మాత్రం వయసు వందల కోట్ల ఏళ్లైనా కావచ్చు, అప్పుడు నక్షత్రాల వాదానికి బలం.

చోటు చూసుకోవాలంటే జులై మధ్యలో రాత్రి పదికి, మబ్బు లేకుంటే, మైపాడులో సముద్రాన్ని ఎడమచేతికి పెట్టుకుని దక్షిణానికి తిరగండి. దాదాపు 46 డిగ్రీల ఎత్తున పాలపుంత కేంద్రం. ఒక బుడగ కుడికి, పడమటి వైపు. రెండోది ఎడమకి, దాదాపు దిగంతం దాకా.