దస్తగిరి అన్న పేరుకు అర్థమేమిటి?

ప్రశ్న: మా మనవడికి మా మామగారి పేరు దస్తగిరి అని పెట్టుకోవాలని మా కోరిక. అది ఖురాన్‌లో లేని పేరని కోడలి పుట్టింటివారు అంటున్నారు. ఏదో కొండ పేరై ఉంటుందని ఇరుగుపొరుగువారు అంటున్నారు. అసలు ఈ పేరు ఎక్కడిది? దాని అర్థమేమిటి? ఎలా రాయాలి?
– ఒక పాఠకురాలు, నంద్యాల

జవాబు: నిరభ్యంతరంగా పెట్టుకోండి. కొండకూ ఈ పేరుకూ ఏ సంబంధమూ లేదు. శేషగిరి, వేదగిరి వంటి పేర్లు వినీ వినీ మనవాళ్ల నోట చివర అలా కుదురుకుంది గాని, మూలరూపం దస్తగీర్. పారసీలో ‘దస్త్’ అంటే చెయ్యి, ‘గీర్’ అంటే పట్టుకునేవాడు. ఆపదలో ఉన్నవారిని చేయి పట్టి గట్టెక్కించేవాడని భావం. సంతకాన్ని మన పెద్దలు దస్కత్తు అనేవారు కదా, అందులో ఉన్నది ఈ దస్తే. లోకాన్ని చేపట్టినవాడని అర్థమిచ్చే జహంగీర్‌లో ఉన్నది ఈ గీరే. సంస్కృతంలోని హస్తమూ పారసీ దస్తూ ఒకే పూర్వరూపం నుంచి పుట్టినవి కనుక ఈ పేరు మన చెవికి అంత పరాయిదేమీ కాదు.

ఇది మొదట ఒక మహనీయునికి జనం ఇచ్చుకున్న బిరుదు. ఆయన షేక్ అబ్దుల్ ఖాదర్ జీలానీ. కాస్పియన్ సముద్రానికి దక్షిణాన ఉన్న గీలాన్ ప్రాంతంలో 1078 ప్రాంతంలో జన్మించి, 1095లో చదువు కోసం బాగ్దాదు చేరి, అక్కడే పండితుడిగా, బోధకుడిగా ప్రసిద్ధి పొంది 1166లో కన్నుమూశారు. ఖాదరీ సూఫీ మార్గం ఆయన పేరు మీదనే వెలసింది. చదువుకు బయలుదేరినప్పుడు తల్లి నలభై దీనారాలను అంగీలో చంక కింద పెట్టి కుట్టి, ఎన్నడూ అబద్ధమాడవద్దని మాట తీసుకున్నదని, దారిలో దొంగలు అడిగితే ఆ కుర్రవాడు దాచుకున్న చోటు ఉన్నదున్నట్టు చెప్పేశాడని, అది చూసి దొంగల నాయకుడు ఆయన చేతిలో చేయి వేసి పశ్చాత్తాపపడ్డాడని ఒక గాథ తరతరాలుగా చెప్పుకుంటున్నారు. సూఫీ సంప్రదాయంలో శిష్యుడు గురువు చేతిలో చేయి పెట్టి మాట ఇవ్వడమే దీక్ష. ఆ ఆచారాన్ని తలచుకుంటే ఈ బిరుదు ఆయనకు ఎంత చక్కగా అతికిందో తెలుస్తుంది.

మన తెలుగునాట ఈ ఒక్క మహనీయుని మీద ఎన్ని పేర్లు అల్లుకున్నాయో చూడండి. గౌస్, మొహిద్దీన్, మహబూబ్ సుభానీ, జిలానీ, దస్తగిరి అన్నీ ఆయనవే. ఖాదర్ కూడా చాలా ఇళ్లలో ఆయన పేరే. కొందరు మాత్రం తమిళనాడులోని నాగూరు దర్గాలో వెలసిన ఖాదర్ వలీ అన్న మరో మహనీయునికి మొక్కుకుని పెట్టుకుంటారు. ఇస్లామీ పంచాంగంలో నాలుగోదైన రబీ ఉస్సానీ నెల పదకొండో నాడు గ్యార్మీ అన్న పండుగ జరుపుకుని జీలానీ పేరిట ఫాతెహా ప్రార్థన చదివించే ఇళ్లలో ఈ పేర్లు తరం తప్పకుండా కనిపిస్తాయి. రాయలసీమలో హిందూ కుటుంబాలు సైతం మొక్కుకుని దస్తగిరి, దస్తగిరమ్మ అని పెట్టుకోవడం నాకెంతో ఇష్టమైన విషయం. ‘దస్తగీర్ సేవకుడు’ అని అర్థమిచ్చే గులాం దస్తగీర్ కూడా ఉత్తరాదిన ప్రసిద్ధమైన పేరే. 1984 డిసెంబరులో భోపాల్‌లో విషవాయువు కమ్ముకున్న రాత్రి, స్టేషన్‌లో నిలిచి ఉన్న రైలును వేళకు ముందే పంపించి వందలాది ప్రయాణికుల ప్రాణాలు కాపాడిన రైల్వే అధికారి పేరు అదే.

ఇక కోడలి పుట్టింటివారి మాట. ఖురాన్‌లో ఈ పేరు లేదన్నది నిజమే. ఇది అరబ్బీ మాట కూడా కాదు. అయితే ఉమర్, హుసేన్, ఫాతిమా అన్న వ్యక్తుల పేర్లు కూడా అందులో రావు. ప్రవక్త సహచరులలో ఖురాన్ పేరుపెట్టి ప్రస్తావించింది జైద్‌ను ఒక్కరినే. కాబట్టి ఆ ఒక్క కారణంతో పేరును వదులుకోనక్కరలేదు. ఆదుకునేవాడు అల్లాహ్ ఒక్కడే గనుక ఇటువంటి బిరుదును మనిషికి పెట్టకూడదని భావించే పండితులూ ఉన్నారు. వారి అభిప్రాయాన్ని తేలికగా తీసివేయకూడదు. మీ వియ్యాలవారి సంకోచం అదే అయితే అబ్దుల్ ఖాదర్ దస్తగీర్ అని పూర్తిపేరు పెట్టుకోండి. అబ్దుల్ ఖాదర్ అంటే సర్వశక్తిమంతుని దాసుడు; దానికి ఎవరూ అభ్యంతరం చెప్పరు, మీ మామగారి పేరూ నిలుస్తుంది. నేటి ఇరాన్ పారసీలో మాత్రం దస్తగీర్ అంటే అరెస్టయినవాడని వాడుక. ఎవరైనా అది చూపించి భయపెడితే పట్టించుకోవద్దు, ఈ పేరు ఆ అర్థంలో పుట్టలేదు.

ఉర్దూలో దాల్, సీన్, తే, గాఫ్, యే, రే అన్న ఆరు అక్షరాలతో రాస్తారు. తెలుగులో దస్తగీర్, దస్తగిరి రెండూ చెల్లుతాయి, రెండోదాన్ని తప్పు అనడానికి వీల్లేదు. మీరు ఏది ఎంచుకున్నా జనన ధ్రువపత్రంలో రాయించిన రూపాన్నే ఆధార్‌లోను, బడి రికార్డులోను, రేపు పాస్‌పోర్టులోను అక్షరం తేడా లేకుండా ఉంచండి. ఇంగ్లీషు స్పెల్లింగును కూడా ఇప్పుడే ఒకటి ఖాయం చేసుకోండి.